హెలికాప్టర్ రెక్క మీది పొర మన కారు మీదికి ఎలా వచ్చింది?

మన ఇళ్ళల్లో కొత్త వస్తువు వస్తే ముందు దాని కవరు గురించే ఆలోచన. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు, సోఫాకి తొడుగు, సూట్‌కేసుకి ఇంకో గుడ్డ సంచి. కొత్త కారు సీట్ల మీది పాలిథిన్ దానంతటది చిరిగేదాకా తీయని నాన్నలు మనలో చాలామందికి ఉన్నారు. అమెరికా వచ్చాక ఆ అలవాటు పోయిందనుకున్నాను. మొన్న కొత్త కారు కొన్నాక మావారు "ముందు వైపంతా పీపీఎఫ్ వేయిద్దాం, రెండు వేల డాలర్ల దాకా అవుతుందట" అన్నారు. "ప్లాస్టిక్ కవరుకి రెండు వేలా!" అని నేను గయ్యిమన్నాను.

ఆయన ఏమీ అనకుండా నా పాత కారు హుడ్ వైపు చెయ్యి చూపించారు. ఎనిమిదేళ్ళు నైట్ డ్యూటీలకి హైవే మీద తిరిగిన కారది. ముందు భాగమంతా అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా మచ్చలు. రెండుచోట్ల తుప్పు కూడా మొదలైంది. సరే, అసలు ఈ పొర కథేమిటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే దాని మొదలు కార్ల షాపులో లేదు, యుద్ధంలో ఉంది.

ముందు కారు రంగు సంగతి. మొదటి రోజుల్లో కార్లకి రంగు వేయడమంటే వారాల పని. ఒక పూత ఎండాక రుద్ది, దాని మీద ఇంకోటి వేసేవారు. ఫోర్డు కంపెనీ మోడల్ టి కారుని 1914 నుంచి పదకొండేళ్ళకి పైగా నలుపులోనే అమ్మింది. 1923లో డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' అనే త్వరగా ఎండే రంగు తెచ్చింది. దాంతో కార్లు రంగురంగుల్లోకి మారాయి. పైన ఒక రంగు, కింద ఒక రంగు వేయించుకోవడం ఫ్యాషనైంది.

ఆ రెండు రంగుల దగ్గరే చిక్కొచ్చింది. రెండోది వేసేటప్పుడు మొదటిదాని మీద కాగితం అంటించాలి. ఆ కాగితం పీకితే కింద రంగు కూడా ఊడి వచ్చేది. మినెసోటాలోని సెయింట్ పాల్‌లో ఒక షెడ్డుకి గరుకు కాగితం నమూనాలు ఇవ్వడానికి వెళ్ళిన రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు, పెయింటర్లు ఇలా తిట్టుకోవడం విన్నాడు. అతను 3ఎం కంపెనీ లాబ్‌లో చిన్న ఉద్యోగి. "ఆ పని వదిలెయ్" అని పైవాళ్ళు చెప్పినా మానకుండా, 1925లో రంగు ఊడకుండా వచ్చేసే టేపు తయారుచేశాడు. అదే మాస్కింగ్ టేప్. మొదటి నమూనాలో జిగురు అంచులకే ఉండటంతో, ఒక పెయింటరు విసుక్కుని "మీ స్కాచ్ బాసులకి చెప్పు, ఇంకాస్త జిగురు పెట్టమని" అన్నాడట. స్కాచ్ అంటే పిసినారి అని ఎగతాళి. మనం గిఫ్టులకి చుట్టే స్కాచ్ టేప్‌కి పేరు అలా వచ్చిందని చెప్తారు. కారు రంగుని కాపాడుతూ, అవసరం తీరాక దాన్ని పాడుచేయకుండా ఊడొచ్చే పొర అనే ఆలోచన అక్కడ మొదలైంది.

ఇక పొరకి కావలసిన పదార్థం. 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బాయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు పాలియురెథేన్ తయారుచేశారు. మన పరుపుల్లోని స్పాంజి, చెప్పుల అట్టలు, స్పాండెక్స్ దారం, అన్నీ ఆ కుటుంబమే. రబ్బరులా సాగుతుంది, దెబ్బ తగిలితే పగలకుండా లొంగుతుంది, మళ్ళీ మామూలుగా అవుతుంది.

అది వియత్నాం యుద్ధంలో పనికొచ్చింది. అక్కడ సైనికుల్ని దింపడానికి, గాయపడినవాళ్ళని ఎత్తుకురావడానికి అమెరికా సైన్యం ఎక్కువగా వాడింది 'హ్యూయి' అనే హెలికాప్టర్లని. రెక్క చివర గంటకి 500 మైళ్ళకి పైగా వేగంతో తిరుగుతుంది. నేల దగ్గరికి రాగానే ఎర్రమట్టి, ఇసుక పైకి లేస్తాయి. ఆ వేగంలో ఇసుక రేణువు కూడా ఉలి దెబ్బే. రెక్క అంచులు అరిగిపోయేవి. లోహపు తొడుగు దళసరిగా వేస్తే బరువు పెరుగుతుంది. తేలిగ్గా ఉండాలి, చెడితే అక్కడే పీకి కొత్తది అంటించుకునేలా ఉండాలి. అందుకు సైన్యం కోరిక మీద 3ఎం సాగే పాలియురెథేన్ పొరకి వెనక జిగురు పెట్టి టేపులా ఇచ్చింది. ఇనుము అరిగే చోట ఈ మెత్తటి పొర నిలబడింది, ఎందుకంటే అది దెబ్బని ఎదిరించదు, ఇంకించుకుంటుంది.

మనలో నర్సులకి ఇక్కడ ఇంకో సంగతి గుర్తొస్తుంది. ఐవీ పెట్టిన చోట సూది మీద పల్చటి పారదర్శకమైన డ్రెస్సింగు అంటిస్తాం కదా, అది కూడా పాలియురెథేన్ పొరే. 1962లో జార్జ్ వింటర్ పంది పిల్లల గాయాల మీద ప్లాస్టిక్ పొర కప్పి, ఆరిపోనివ్వని గాయం త్వరగా మానుతుందని చూపించాడు. ఆ తర్వాత పారదర్శక డ్రెస్సింగులు వచ్చాయి. 3ఎం వాళ్ళ టెగాడెర్మ్ 1980ల మొదట్లో వచ్చింది. రెక్క మీది పొర దళసరి, చర్మం మీదిది ఎంతో పల్చన, ఊపిరాడేది. కానీ రెండిటి పనీ ఒకటే. బయటిది లోపలికి రాకూడదు.

యుద్ధం అయ్యాక ఈ పొర రేసు కార్ల ముక్కుల మీదికి, అక్కడి నుంచి మామూలు కార్లకి వచ్చింది. మొదట్లో వచ్చినవాటికి వంకలు చాలా. ఎండకి రెండు మూడేళ్ళలో పసుపెక్కేవి. షాపువాడు కారు మీదే బ్లేడుతో కోస్తే రంగు మీద గీత పడేది. పాలియురెథేన్లో ఎండకి పసుపెక్కే రకం, ఎక్కని రకం రెండున్నాయి. రెండోదానికి మారాక మొదటి గొడవ తగ్గింది. 1997లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మొదలైన ఎక్స్‌పెల్ కంపెనీ ఒక్కో కారు మోడల్ కొలతలకి కంప్యూటరుతో ముక్కలు కోసే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. టైలరు దగ్గర జాకెట్ కొలతల్లాగే అన్నమాట. 2010 తర్వాత పైన ఇంకో పూత చేర్చిన పొరలు మామూలయ్యాయి. చిన్న గీతలు ఎండకో వేడినీళ్ళకో వాటంతటవే పూడుకుంటాయి.

మరి రెండు వేల డాలర్ల మాట? నాకు తేలింది ఇది. రాళ్ళ దెబ్బ పడేది హుడ్, బంపర్, అద్దాల వెనక భాగాలకి. అక్కడికే వేయిస్తే చాలు, కారంతా వేయిస్తే ఐదారు వేలు పైమాటే. సిరామిక్ కోటింగ్ వేరు, అది మురికి అంటనివ్వదు గానీ రాయిని ఆపలేదు. కారు అమ్మేచోట "పెయింట్ ప్రొటెక్షన్" అని కాగితంలో కలిపేస్తే, అది పొరా, ఒట్టి పూతా అని తప్పక అడగండి. మళ్ళీ రంగు వేయించిన భాగం మీద వేస్తే, తీసేటప్పుడు రంగు ఊడే ప్రమాదముంది. మూడేళ్ళ లీజు కారైతే వద్దు. పదేళ్ళు నడుపుకునేదైతే, మంచు రాష్ట్రాల్లో రోడ్డు మీద ఉప్పు చల్లే చోటైతే ఆలోచించండి. కంకర లారీ వెనక దూరంగా ఉండటం మాత్రం అందరికీ ఉచితం. వేగం రెట్టింపైతే రాయి దెబ్బ నాలుగింతలు.

మేం చివరికి ముందు భాగానికే వేయించాం. వేయిస్తున్నప్పుడు నిలబడి చూశాను. సబ్బునీళ్ళు చల్లి, పొర పరిచి, గుత్తంగా నీళ్ళు తోసేస్తుంటే మొదటిసారి ఐవీ డ్రెస్సింగు వేసిన రోజు గుర్తొచ్చింది.

మా అమ్మ మంచి చీరలకి కవర్లు వేసి బీరువాలో పెట్టేది. సగం చీరలు కట్టకుండానే మడతల్లో చిరిగాయి. ఆ కవరు వస్తువుని వాడకుండా దాచడానికి. రెక్క మీది పొర అలాంటిది కాదు. ఇసుకలోకి దిగి, దెబ్బతిన్నవాళ్ళని ఎత్తుకుని రావడానికి వేసింది. చిరిగితే పీకి పారేసి మళ్ళీ ఎగిరారు. కవరు మీద నా కోపం పోయింది అందుకే. వాడుకోవడానికి వేసే కవరు, దాచుకోవడానికి వేసే కవరు ఒకటి కాదు. ఆ తేడా తెలిశాక ఊరు ఫోన్ చేసి అమ్మతో అన్నాను, "ఆ గద్వాల చీర బయటికి తీసి రేపు గుడికి కట్టుకో" అని.