పగిలిన లోహము: అతుకుటయా, మార్చుటయా?

గన్నవరము, ఉయ్యూరు, గుడివాడ ప్రాంతములలో సైకిలు తరతరములుగా పాలబిందెలను, గడ్డిమోపులను, ధాన్యపు బస్తాలను మోసినది. ఉక్కుతో చేసిన ఆ సైకిలు ఫ్రేము పగిలినచో వెల్డింగు దుకాణమునకు తీసికొనిపోయి అతికించుట వాడుక. ఇప్పుడు టైటానియముతో చేసిన ఫ్రేములును ఉన్నవి. వాని వెల చాల ఎక్కువ. అట్టి ఫ్రేములో పగులు కనిపించినచో దానిని అతికించవలెనా, మార్చవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దీని వెనుక రెండు వందల ఏండ్ల చరిత్ర యున్నది. ఎందరో ప్రాణములు కోల్పోయిన పిదపగాని శాస్త్రజ్ఞులకు దీని సమాధానము దొరకలేదు.

ఈ చరిత్ర ఒక గొలుసుతో మొదలైనది. జర్మనీలోని హార్జ్ పర్వతములలో వెండి, సీసము గనులుండెడివి. గనినుండి ఖనిజమును పైకి లాగు ఇనుప గొలుసులు తరచుగా తెగుచుండెను. ఎంతో బరువును సులభముగా మోయగల గొలుసు, అంతకంటె తక్కువ బరువుతో ఎందుకు తెగుచున్నది? గనుల అధికారియగు విల్హెల్మ్ ఆల్బర్ట్ ఒకే బరువును మరల మరల వేసి, తీసి గొలుసులను పరీక్షించి, ఫలితములను 1837లో ప్రకటించెను. గొలుసును తెంపినది ఒకనాటి బరువు కాదు, మాటిమాటికి పడిన బరువు. అంతకు ముందే 1834లో ఆయన గొలుసునకు బదులు ఇనుప తీగలను పేనిన త్రాటిని వాడుకలోనికి తెచ్చెను. గొలుసులో ఒక్క లంకె తెగినచో అంతయు పడిపోవును. త్రాటిలో ఒక తీగ తెగినను మిగిలినవి బరువును మోయును.

1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వర్సాయి సమీపమున ఒక రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు అంటుకొని, యాబదిమందికి పైగా మరణించిరి. తరువాత ప్రష్యా రైల్వేలలో ఇంజనీరగు ఆగస్ట్ వోలర్ ఇరుసులను యంత్రములపై వేలు, లక్షల సార్లు త్రిప్పి పరీక్షించెను. ప్రతిబలము ఎక్కువైన కొలది లోహము తక్కువ ఆవృత్తులలో విరుగునని, ఉక్కు విషయమున ఒక హద్దునకు లోపల ప్రతిబలము ఎన్నిమారులు పడినను విరుగదని ఆయన కనుగొనెను. ఇట్లు పదేపదే పడు ప్రతిబలము వలన లోహము బలహీనమగుటనే లోహశ్రాంతి అందురు.

పగులు మొనయే అసలు ప్రమాదస్థానమని 1913లో ఇంగ్లిస్ గణితముచే చూపెను. మొన ఎంత వాడిగా ఉన్నచో అచట ప్రతిబలము అంతగా పెరుగును. అందుచేతనే పగులు చివర చిన్న గుండ్రని రంధ్రము చేసినచో దాని వ్యాప్తి కొంతకాలము ఆగును. ఇది చికిత్స కాదు, ఉపశమనము మాత్రమే. ఈ సత్యమునే 1954లో కామెట్ జెట్ విమానములు మరింత కఠినముగా నేర్పినవి. ఆ సంవత్సరము రెండు కామెట్లు మధ్యధరా సముద్రముపై విచ్ఛిన్నమైనవి. ఫార్న్‌బరోలో ఒక విమానమును నీటి తొట్టిలో ఉంచి, లోపలి పీడనమును మరల మరల పెంచి తగ్గింపగా, దాని తొడుగు ఒక కిటికీ మూలనుండి చీలిపోయెను. పగిలినచోట అతుకు వేసినందున ఫలితము లేదని తేలినది. తొడుగును, కిటికీలను క్రొత్తగా రూపొందించి, 1958లో కామెట్ 4ను సర్వీసులోనికి తెచ్చిరి.

టైటానియము సంగతి ఏమి? దీనిని 1791లో ఇంగ్లండులో గ్రెగర్ కనుగొనెను. భీమునిపట్నము తీరపు ఇసుకలోని ఇల్మెనైటు దీని ఖనిజమే. 1973లో హైదరాబాదులో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ టైటానియము మిశ్రలోహములను తయారు చేయుచున్నది. దీని సాంద్రత ఉక్కు సాంద్రతలో సుమారు 58 శాతము. త్రుప్పు పట్టదు. 3 శాతము అల్యూమినియము, 2.5 శాతము వెనేడియము కలిపిన మిశ్రలోహపు గొట్టములను జెట్ విమానముల హైడ్రాలిక్ వ్యవస్థలలో వాడుదురు. అవే గొట్టములు సైకిలు ఫ్రేములకును వచ్చినవి.

కాని వేడెక్కిన టైటానియము గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని పీల్చుకొని పెళుసగును. కావున అతుకునకు వెలుపలను, గొట్టము లోపలను ఆర్గాన్ వాయువు నింపి వెల్డింగు చేయవలెను. అతుకు వెండివలె మెరసినచో మంచిది. నీలి రంగు అనుమానింపదగినది. తెల్లని పొడి కనిపించినచో అతుకు చెడినట్లే. మామూలు గ్యాసు వెల్డింగు దీనికి పనికిరాదు.

సరియైన పనివాడు దొరికినను అసలు ప్రశ్న మిగిలియే యుండును: పగులు ఎట్లు పుట్టినది? దీనికి 2024లో కృష్ణా పరీవాహక ప్రాంతమే రెండు ఉదాహరణములను చూపినది. ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో వారము రోజులలో తాత్కాలికముగా పలకలను దింపి నీటిని ఆపిరి. కాని ఆనకట్టలో ఉన్న 33 గేట్లును ఒకే వయసువి. ఒకదాని ముదిమి మిగిలిన వానికిని ఉండును. అందుచే అన్నిటిని మార్చవలెనని నిపుణుల సంఘము సూచించెను.

సెప్టెంబరు మొదట, 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొని వచ్చిన పడవలు విజయవాడ ప్రకాశము బ్యారేజీ గేట్లను ఢీకొనెను. అచట దెబ్బ తగిలినది ముఖ్యముగా గేట్ల ప్రతిబరువులకు. కారణము వృద్ధాప్యము కాదు, ఒకనాటి దెబ్బ. కావున చెడిన ప్రతిబరువులను మాత్రము మార్చి కొలది దినములలో పని ముగించిరి. 1957 నుండి డెల్టా కాలువలకు నీరిచ్చుచున్న బ్యారేజీ ఎప్పటివలె నిలిచినది.

సైకిలు ఫ్రేమునకును ఇదే కొలమానము. పడినపుడు, గుద్దుకొన్నపుడు ఒకచోట పగిలి, మిగిలిన గొట్టములు నిటారుగా ఉన్నచో, నేర్పరిచే అతికించుటయో, ఆ గొట్టమును మార్చుటయో తగును. ఏ దెబ్బయు లేక ఏండ్ల తొక్కుడు వలన అతుకు ప్రక్కన సన్నని పగులు పుట్టినచో, అది లోహశ్రాంతికి గుర్తు. తప్పు ఆ అతుకుదే అయినచో దానిని సరిచేయవచ్చును. ఇతర అతుకులలోను పగుళ్లు కనిపించినచో, ముందు చక్రపు ఫోర్కును పట్టు గొట్టము వద్ద పగిలినచో, ఫ్రేమును మార్చుటయే మేలు. అచట విరిగినచో మనిషి తలక్రిందులుగా పడును.

పగులును చూడగానే దానిని ఎట్లు మూయవలెనని ఆలోచించుట సహజము. అది ఎందుకు తెరుచుకొన్నదని అడుగుట శాస్త్రము.