రేనాటి రాయి ఫైలైన వైనం

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ) పొగగొట్టాలు కనిపించే ఊరు కలమళ్ల. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన విరిగిన స్తంభం మీద రేనాటి చోళ పాలకుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. అది క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితుల అంచనా. తెలుగు శాసనాల్లో తొలిదిగా పేరుపడింది ఇదే.

ఒకప్పుడు రేనాడు అనిపించుకున్న ఈ సీమలో ఇలాంటి రాళ్లకు, రేకులకు కొదవలేదు. అదే వంశపు రాజు పుణ్యకుమారుడి శాసనం ప్రొద్దుటూరు రామేశ్వరంలో, అతని రాగిరేకులు జమ్మలమడుగు దగ్గరి దొమ్మర నంద్యాలలో దొరికాయి. పులివెందుల వైపు వెళితే మోపూరు భైరవేశ్వరాలయంలో విజయనగర కాలపు శాసనాలున్నాయి. రాయి ఊరు దాటి రాదు కాబట్టి దాని బొమ్మే ఊళ్లు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ వేషం మార్చింది.

మొదటి వేషం సిరా నకలు. రాయిని బ్రష్షుతో రుద్ది కడుగుతారు. తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో మెల్లగా కొడతారు. కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. రాతి ముఖమంతా నల్లబడి, అక్షరం తెల్లగా మిగులుతుంది. నెర్రె ఉంటే అదీ తెల్లగానే మిగులుతుంది. ఏది ఉలి గీత, ఏది నెర్రె అని తేల్చడమే శాసన పండితుడి పని.

రెండో వేషం అచ్చు. కె.ఎ. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య కలిసి తెలుగు చోళుల శాసనాలను ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 27వ సంపుటంలో పరిష్కరించారు. అచ్చులో పాఠం రోమన్ లిపిలో, వివరణ ఇంగ్లీషులో ఉంది. తెలుగు తొలి వాక్యాలు తెలుగు మాత్రమే వచ్చినవాడికి అందకుండానే ప్రపంచానికి అందాయి!

2000ల తొలినాళ్లలో మూడో వేషం వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకం మన దేశంలో ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ అయింది. పాత సంపుటాలు టిఫ్ బొమ్మలుగా మారాయి. పేజీకో ఫైలు: నాలుగు వందల పేజీల పుస్తకమంటే నాలుగు వందల ఫైళ్లు. మామూలు బ్రౌజరులో అవి తెరుచుకునేవి కావు, వేరే ప్లగిన్ పెట్టుకోవాలి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఓపికగా పేజీలన్నీ దించుకుని, వరస పెట్టి, ఒకే పీడీఎఫ్‌గా కుట్టి పదిమందికీ పంచారు. ఆ కుట్టు పని కోసమే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసినవాళ్లూ ఉన్నారు. అలా చాలా పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా తెరిచేలా ఉన్నాయి.

ఇంతటితో పని అయిపోయిందనుకుంటే పొరపాటే. ఆ స్కాన్లలో ఎక్కువ భాగం నలుపు, తెలుపు రెండే రంగులవి. అచ్చక్షరానికి అది చాలు. శాసనం ఫొటోకు చాలదు. బూడిద ఛాయలన్నీ ఇటో అటో ఒరిగిపోయి, నెర్రెకూ గీతకూ ఉన్న కాస్త తేడా మాయమవుతుంది. అందుకే ఎన్ని పీడీఎఫ్‌లు వచ్చినా మూల నకలును పారేయకూడదు. పైగా బొమ్మల పీడీఎఫ్ చూడ్డానికే పుస్తకం. అందులో ‘ధనంజయుడు’ అని వెతికితే ఏమీ దొరకదు. ఎవరో ఒకరు కూర్చుని చదివి, టైపు చేసి, తప్పులు దిద్దితేనే బొమ్మ అక్షరమవుతుంది.

ఆ టైపు దగ్గరా ఒక చిక్కుంది. రేనాటి రాజులు తమను ‘చోఴ’ అని రాసుకున్నారు. ఆ ‘ఴ’ తర్వాత మన నోట ళ అయింది, డ అయింది. అందుకే చోళులూ చోడులూ ఇద్దరూ మిగిలారు. అక్షరం మాత్రం వాడుకలోంచి పోయింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఈ అక్షరం చేరింది 2014లో. ఇప్పటికీ ఫాంటు లేని ఫోన్లో దాని బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. పైన ‘చోఴ’ అన్నచోట మీకు కనిపించింది డబ్బాయే అయితే, ఈ కథలో మీ ఫోను ఇంకా ఒక మజిలీ వెనకుందన్నమాట.