వజ్రాల నాణ్యత నిర్ధారణ

వజ్రం బరువు, రంగు, స్వచ్ఛత, కోతలను పరీక్షించి దాని స్థాయిని తేల్చడమే నాణ్యత నిర్ధారణ. ఆ ఫలితాన్ని ప్రయోగశాల రాసి ఇచ్చే పత్రాన్ని వ్యాపారులూ కొనుగోలుదారులూ సర్టిఫికెట్ అంటారు. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడే దాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేవి. వాటిలో పేరుమోసినవెన్నో కృష్ణా తీరపు తెలుగు నేలలో దొరికాయి. రాయిని పరీక్షించే విద్య కూడా ఈ దేశంలో చాలా పాతది. ఆధునిక కాలం దానికి చేర్చిన ముఖ్యమైన మార్పు, అమ్మేవారితో సంబంధం లేని మూడో వ్యక్తి చేత పరీక్ష చేయించడం.

ప్రాచీన కాలం

కౌటిల్యుని అర్థశాస్త్రంలో వజ్రాల గుణదోషాల ప్రస్తావన ఉంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వజ్ర పరీక్షకు ఒక అధ్యాయమే ఉంది. అందులో వజ్రాన్ని బియ్యపు గింజల ఎత్తుతో తూచి, బరువును బట్టి వెల చెప్పారు. కాకిపాదం, ఈగ, వెంట్రుక వంటి మచ్చలు, ఇసుక పలుకులు, పగుళ్లు ఉన్న రాళ్లను దోషమున్నవిగా లెక్కగట్టారు. నేటి ప్రయోగశాలలు స్వచ్ఛత పేరిట వెతికేదీ ఇలాంటి లోపాలనే. బుద్ధభట్టుని రత్నపరీక్ష కూడా ఈ శాస్త్రానికి చెందిన గ్రంథమే.

గోల్కొండ గనుల కాలం

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్, అక్కడ 60,000 మంది పనిచేస్తున్నట్టు రాశాడు. 1676లో వెలువడిన అతని యాత్రా గ్రంథంలో ఇక్కడి పరీక్షా పద్ధతుల వివరాలున్నాయి. యూరపులో రాయిని పగటి వెలుగులో చూసేవారు. ఇక్కడి వర్తకులు మాత్రం రాత్రిపూట, గోడలోని గూట్లో లావు వత్తి దీపం వెలిగించి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని దాని నీరూ (పారదర్శకత) నిర్మలత్వమూ చూసేవారు. నీలిఛాయ ఉందో లేదో తేల్చడానికి గుబురు చెట్టు నీడకు తీసుకెళ్లేవారు.

వెల కట్టడానికి టావెర్నియర్ ఒక సూత్రం కూడా ఇచ్చాడు. బరువును అదే బరువుతో హెచ్చించి, వచ్చినదాన్ని ఒక క్యారెట్ ధరతో గుణించాలి. క్యారెట్ ధర 150 లివర్లు (నాటి ఫ్రెంచి డబ్బు) అయితే 12 క్యారెట్ల మేలైన రాయి 21,600 లివర్లు పలుకుతుంది. పెద్ద రాయి అరుదు కనుక బరువు రెట్టింపయితే ధర అంతకు మించి పెరుగుతుందన్న ఈ లెక్క నేటికీ స్థూలంగా నిజమే. కొల్లూరు గని ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది.

నిజాం కాలం

ఒకప్పుడు పెద్ద వజ్రాల కొనుగోళ్లు ఎలా తగాదాలయ్యేవో చెప్పడానికి జాకబ్ వజ్రం మంచి ఉదాహరణ. 1891లో అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అనే వర్తకుడు దీన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మజూపాడు. బేరం వివాదమై కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. చివరికి రాయి నిజాం దగ్గరే ఉండిపోయింది. 184.75 క్యారెట్ల ఈ వజ్రాన్ని 1995లో భారత ప్రభుత్వం, నిజాం నగలతో కలిపి 218 కోట్ల రూపాయలకు కొన్నది.

ఆధునిక ప్రమాణాలు

ఒకప్పుడు క్యారెట్ బరువు ఊరికో తీరుగా ఉండేది. 1907లో దాన్ని 200 మిల్లీగ్రాములుగా ఖాయం చేశారు. అంటే 5 క్యారెట్లు ఒక గ్రాము. 1931లో రాబర్ట్ షిప్లీ అమెరికాలో జీఐఏ (జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) సంస్థను స్థాపించాడు. 1950ల్లో రిచర్డ్ లిడికోట్ నాయకత్వంలో ఆ సంస్థ నేటి శ్రేణులను రూపొందించి, 1955 నుంచి పత్రాలు ఇవ్వసాగింది. రంగును ‘డి’ నుంచి ‘జెడ్’ వరకు కొలుస్తారు. ఏమాత్రం రంగు లేనిది డి. అంతకుముందు వ్యాపారులు ఏ, బీ, సీలను ఇష్టం వచ్చినట్టు వాడేవారు కాబట్టి కొత్త కొలతను డితో మొదలుపెట్టారు. స్వచ్ఛతను పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూసి 11 మెట్లుగా విభజిస్తారు. కోత సరిగా లేకపోతే మంచి రాయి కూడా మెరవదు. 1975లో ఆంట్‌వెర్ప్‌లో మొదలైన ఐజీఐ (ఇంటర్నేషనల్ జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్) సంస్థ పత్రాలు భారత మార్కెట్లో విరివిగా కనిపిస్తాయి.

ల్యాబ్ వజ్రాలు

1954లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో వజ్రాన్ని తయారు చేసింది. ఇలాంటి ల్యాబ్ వజ్రాలు నకిలీ రాళ్లు కావు, నిజమైన వజ్రాలే; ధర మాత్రం గని రాయి కంటే చాలా తక్కువ. ఉష్ణవాహకతను చూసే చేతి పరికరం రెండింటినీ వజ్రమనే చెబుతుంది. పుట్టుక తేల్చాలంటే ప్రయోగశాల పరికరాలు కావాలి. అందుకే సర్టిఫికెట్ అవసరం నేడు మరింత పెరిగింది.

కొనేవారికి

వేములవాడ, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో పెళ్లికి రవ్వల నగ కొన్నా, గల్ఫ్ నుంచి తెచ్చుకున్నా చూడవలసినవి ఇవే. 2023 ఏప్రిల్ 1 నుంచి బంగారు నగల అమ్మకానికి తప్పనిసరైన ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ గుర్తు బంగారానికే హామీ, రాయికి కాదు. రాయికి వేరే పత్రం అడగాలి. పత్రం సంఖ్యను సంస్థ వెబ్‌సైట్లో సరిచూడాలి. రాయి అంచుపై లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటే, భూతద్దంతో పోల్చుకోవాలి. గని రాయా, ల్యాబ్ రాయా అన్నది పత్రంలోనూ బిల్లులోనూ ఉండాలి. బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు విడివిడిగా రాయించుకోవాలి.

పత్రానికీ హద్దులున్నాయి. రంగును, స్వచ్ఛతను తేల్చేది ప్రధానంగా మనుషుల చూపే కనుక, ఒకే రాయికి రెండు ప్రయోగశాలలు ఒక మెట్టు తేడా చెప్పవచ్చు. మామూలు నాణ్యతా పత్రం ధర చెప్పదు, తిరిగి కొంటామని మాట ఇవ్వదు. ధర నాలుగు దుకాణాల్లో విచారించాలి, తిరిగి కొనే షరతును అమ్మేవారి చేత రాయించుకోవాలి.