బీజాశ్వముల చిట్టా

జక్రాన్‌పల్లి ప్రాంతపు పసుపు రైతు దుంపకుళ్ళు సోకిన మడినుండి విత్తనము తీయడు. తెగులు విత్తనము వెంటనే మరుసటియేటి పొలమునకు వచ్చునని ఆతడెఱుగును. పశుసంతానము విషయమున ఈ వివేకము చట్టరూపము దాల్చిన కథను ఇచట మనవిచేయుచున్నాము. అది గుఱ్ఱముల కథ.

మన పొరుగున నాందేడు జిల్లాలోని మాళేగావ్ ఖండోబా జాతర గుఱ్ఱముల బేరమునకు ప్రసిద్ధము. 1956 వఱకు నాందేడు, నిజామాబాదు జిల్లాలు రెండును హైదరాబాదు రాష్ట్రములోనివే. అట్టి సంతలో కొనువాడు సుడులు చూచును, పండ్లు చూచును, నడక చూచును. కాని దాటించునప్పుడు సంక్రమించు రోగము ఆ చూపునకు చిక్కదు.

డూరిన్ అను వ్యాధి అట్టిది. దాని సూక్ష్మజీవిని పందొమ్మిదవ శతాబ్ది చివర అల్జీరియాలో రూజే అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. దానికి దాయాదియైన సర్రా రోగమును జోరీగలు మోయును. డూరిన్‌కు ఈగతో పనిలేదు. మర్మావయవములు వాచును, గోడిగలు ఈచుకొనిపోవును, క్రమముగా వెనుకకాళ్ళు పట్టుదప్పును. అయినను కొన్ని గుఱ్ఱములు నెలలతరబడి ఆరోగ్యముగనే కనబడుచు రోగమును పంచిపెట్టును.

అందుచే బ్రిటిషు ఇండియాలో 1910లో డూరిన్ చట్టము వచ్చెను. ప్రకటిత ప్రాంతములలో బీజాశ్వములను చిట్టాకెక్కించుటకును, అనుమానము కలిగినచో దాటింపును నిషేధించుటకును, రోగగ్రస్తమైన మగగుఱ్ఱమునకు విత్తు కొట్టించుటకును, గోడిగను చంపించుటకును అది అధికారమిచ్చెను. యజమానికి పరిహారమును ఏర్పఱచెను. మా దృష్టిలో ఈ చివరిదే ముఖ్యము. నష్టమంతయు తనపైననే పడునన్నచో ఏ యజమాని రోగమును బయటపెట్టును?

1977లో ఇంగ్లండులోని న్యూమార్కెటులో గుఱ్ఱములకు అంటు గర్భాశయవ్యాధి క్రొత్తగా బయల్పడెను. అందును మగగుఱ్ఱము ఏ జబ్బు లేనట్లే యుండును. నాటినుండి ఈతకాలమునకు ముందే పరీక్ష చేయించుట అనేక దేశములలో ఆచారమైనది.

1910 నాటి చట్టము 2009లో రద్దయి, పశువుల అంటువ్యాధులన్నిటికి ఒకే చట్టము వచ్చినది. గుఱ్ఱములు మన ఊళ్ళలో అరుదైనను పాఠము పాతబడలేదు. ఆవులను, గేదెలను ఈచుకొనిపోవునట్లు చేయు బ్రూసెల్లా రోగము పచ్చిపాలవలనను, పడిపోయిన పిండమును వట్టిచేతులతో ముట్టుటవలనను మనుష్యులకును సోకును. 2019లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము 4 మొదలు 8 నెలల ఆడుదూడలకు దీని టీకాను ఉద్దేశించినది.

పశువు ఎదకు వచ్చినపుడు ఆబోతు బలమును మాత్రమే విచారించుట చాలదు. పరీక్ష జరిగినదా యని అడుగవలెను. పాలు కాచియే త్రాగవలెను. పసుపు విత్తనమునకు చూపు జాగ్రత్తనే పాడికిని చూపుడని మా మనవి.