నలగామరాజు

నలగామరాజు 12వ శతాబ్దిలో గురజాల రాజధానిగా పల్నాటిని పాలించిన రాజు. ఇతడు అనుగురాజు, మైలమాదేవిల కుమారుడు. పల్నాటి వీరగాథలో ప్రతినాయకుడుగా కనిపించినా, రాజ్యకాంక్షకూ పరుల మాటకూ లోబడి స్వజనాన్ని పోగొట్టుకున్న విషాదపాత్ర ఇతనిది.

నాగమ్మ ప్రాబల్యం

తండ్రి కాలపు మంత్రి బ్రహ్మనాయుడు తొలుత ఇతనికీ మంత్రిగా ఉన్నాడు. తరువాత నాయకురాలు నాగమ్మ మంత్రిణి అయింది. ఈమె నేటి జగిత్యాల జిల్లాలోని ఆరవెల్లిలో జన్మించి, పల్నాటిలోని జిట్టగామాలపాడుకు చేరిందని ఒక కథనం. ఆమె ప్రాబల్యం పెరిగేకొద్దీ బ్రహ్మనాయుడు రాజుకు దూరమయ్యాడు. రాజ్యం చీలి, సవతి తమ్ముడు మలిదేవరాజుకు మాచర్ల దక్కింది.

కోడిపందెం, రాయబారం

కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఒప్పందం ప్రకారం ఏడేండ్లు వలస వెళ్ళింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అలరాజు రాయబారిగా వచ్చాడు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. రాయబారం విఫలమైంది, అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. అతని భార్య, నలగామరాజు కుమార్తె పేరిందేవి సహగమనం చేసింది. సంధికి ఆధారమైన చుట్టరికం దానితో తెగిపోయింది.

కారెంపూడి యుద్ధం

నాగులేటి ఒడ్డున కారెంపూడి వద్ద జరిగిన యుద్ధంలో నలగామరాజు తమ్ముడు నరసింగరాజు, బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు సహా ఇరుపక్షాల వీరులు మరణించారు. చివరకు బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామరాజుకే అప్పగించి గుత్తికొండ బిలానికి వెళ్ళాడని గాథ చెబుతుంది.

పాత్ర స్వభావం

గాథ నిందను ఎక్కువగా నాగమ్మపైనే మోపుతుంది. అయితే ఆమె సలహాలు రాజు కోరికకు అనుకూలమైనవే. వాటిని కాదనగల అధికారం కూడా అతనిదే. షేక్‌స్పియర్ నాటకంలోని మాక్‌బెత్‌కు మంత్రగత్తెల జోస్యం, భార్య ప్రోద్బలం ఎటువంటివో, నలగామరాజుకు నాగమ్మ ఆలోచన అటువంటిది. మాక్‌బెత్ రాజ్యాన్నీ ప్రాణాన్నీ కోల్పోగా, ఇతనికి రాజ్యం మిగిలి తమ్ముడు, కూతురు, అల్లుడు లేకుండా పోయారు.