రాత్రివేళ వీధిలోనికి వెళ్ళిన సంఘము

యెరూషలేము ప్రాకారము కట్టబడిన దినములలో అనేకులు ఎవరి యింటి యెదుట భాగమును వారే బాగుచేసిరని నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయములో చదువుచున్నాము. పట్టణ క్షేమము దూరమునుండి ఎవరో వచ్చి చేసిపోవు పని కాదు. అది మన గుమ్మము నొద్దనే ప్రారంభమగును. ఈ సత్యమును అమెరికాలోని బోస్టను పట్టణపు సంఘములు మిక్కిలి దుఃఖముతో నేర్చుకొనెను.

1980ల చివర 'క్రాక్' అను మత్తుమందు ఆ పట్టణములోని బీద పేటలను ముంచివేసెను. దాని వ్యాపారముతో సొమ్ము వచ్చెను. సొమ్ముతో తుపాకులు వచ్చెను. డార్చెస్టరు, రాక్స్‌బరీ, మాటపాన్ పేటల యౌవనులు ముఠాలుగా చీలి ఒకరినొకరు చంపుకొనసాగిరి. 1990లో బోస్టనులో 152 హత్యలు జరిగెను. ఆదివారపు ఆరాధనలు మాత్రము యథాప్రకారము సాగుచునే యుండెను.

ఆ కాలముననే ప్రక్కనున్న కేంబ్రిడ్జిలో ఒక తోలుకోటు కొరకు కొందరు ఒక యౌవనుని పొడిచిరి. అతడు పరుగెత్తి, ఒక దేవాలయమునకు సుమారు 150 గజముల దూరమున పడిపోయి మరణించెను. అతడు గుడివరకు చేరియున్నను ప్రయోజనముండెడిది కాదు. లోపల దీపము లేదు, మనుష్యుడు లేడు అని ఆ సంఘ కాపరి రెవ. జెఫ్రీ బ్రౌన్ గారు తరువాత అనేక సభలలో చెప్పిరి. ఆ మాట ఆయనను నిద్రపోనీయలేదు.

1992 మే నెలలో మాటపానులోని మార్నింగ్ స్టార్ బాప్టిస్టు దేవాలయములో, కాల్చి చంపబడిన ఒక యౌవనుని భూస్థాపన ఆరాధన జరుగుచుండగా, ముఠావారు లోపలికి చొరబడి అచ్చటికి వచ్చిన మరియొక యౌవనుని పొడిచిరి. సంఘము వీధిలోనికి వెళ్ళనందున వీధియే సంఘములోనికి వచ్చెను! అనేకులు తలుపులకు గడియలు పెంచవలెనని తలంచియుందురు. అయితే బ్రౌన్ గారును, వైద్యుడును కాపరియునైన రెవ. రే హామండ్ గారును, డార్చెస్టరులో నివసించుచుండిన రెవ. యూజీన్ రివర్స్ గారును మరికొందరితో కలిసి, ఆ యేటనే పది అంశముల ప్రణాళిక గల 'టెన్ పాయింట్' కూటమిని స్థాపించిరి. సంఘములు ముఠాల యౌవనులను తమ బిడ్డలుగా చేర్చుకొనవలెననియు, కోర్టుకు తేబడిన బాలుర పక్షమున నిలువవలెననియు అందు వ్రాసికొనిరి.

రివర్స్ గారికి ఒక మత్తుమందు వ్యాపారియే గురువాయెను. పిల్లవాడు బడికి పోవునప్పుడును, అంగడికి వచ్చునప్పుడును మేమక్కడ ఉన్నాము, మీరు లేరు. కాబట్టి వాడు మావాడాయెనని అతడు చెప్పెను. ఇంతకంటె గద్దింపైన ప్రసంగము ఏ వేదికమీద వినగలము?

కాబట్టి వారు రాత్రి 10 గంటల నుండి 2 గంటల వరకు వీధులలో నడువసాగిరి. మొదట ఎవరును వారితో మాటలాడలేదు. వీరు మరల వచ్చెదరా, పత్రికలలో పేరు కొరకు వచ్చితిరా అని యౌవనులు కనిపెట్టుచుండిరి. వారము వెంబడి వారము వచ్చినమీదట నోళ్లు తెరువబడెను. కాపరులు బోధించుటకు ముందు వినుట నేర్చుకొనిరి. క్రూరులనుకొన్నవారిలో భయపడిన బిడ్డలను చూచిరి.

పోలీసులతో సమాధానపడుట మరింత కష్టమాయెను. 1989లో చార్లెస్ స్టూవర్టు అను తెల్లవాడు తన భార్యను చంపి, నల్లజాతివాడొకడు చంపెనని అబద్ధమాడగా, పోలీసులు మిషన్ హిల్ పేటలోని నల్లజాతి యౌవనులను పట్టి సోదాచేసి అవమానపరచిరి. ఆ గాయము మానకముందే, ఉభయులును ఒక బల్లయొద్ద కూర్చుండవలసివచ్చెను. 1996లో పోలీసులు, ప్రొబేషను అధికారులు, వీధి సేవకులు, కాపరులు కలిసి ముఠాలవారిని పిలిపించి, కాల్పులు మానుడి, సహాయము చేసెదము. మానకున్నచో చట్టము ముఠా అంతటిమీదికి వచ్చునని స్పష్టముగా చెప్పిరి. న్యాయమును కనికరమును ఒకే గదిలో నిలిచెను.

1999లో హత్యలు 31కి దిగెను. మత్తుమందు వ్యాపారము సన్నగిల్లుట మొదలైన కారణములును ఉన్నవి. ఘనత అంతయు సంఘములదే అనుట అతిశయము. అయితే చేతులు విడిపోయినప్పుడు ఏమాయెనో చూడుడి. 2000 తరువాత ఆ సహకారము సడలెను, నడకలు తగ్గెను. 2005లో హత్యలు మరల 70 దాటెను. తిరిగి పని చేపట్టవలసివచ్చెను. 2024లో 24 మాత్రమే జరిగెను.

ప్రియ చదువరులారా, సమాధానము ఒక్కసారి కట్టి విడువదగిన గోడ కాదు. ప్రతిదినము కాయవలసిన దీపము. మన దేవాలయపు వీధి మూలను రాత్రివేళ నిలుచు యౌవనుల పేర్లు మనకు తెలియునా? వారిని గూర్చి ఫిర్యాదు చేసినన్ని మారులు వారిని గూర్చి ప్రార్థించితిమా? పరుగెత్తి వచ్చువాడు గుమ్మము చేరునప్పటికి దీపము వెలుగుచుండునట్లును, తలుపు తీయుటకు మనుష్యుడుండునట్లును ప్రభువు మనలను మేలుకొలుపును గాక.