ఈతపందెంలో తొలి దుముకు

ఈతపందెంలో పోటీదారు అన్నిటికంటె వేగంగా కదిలేది ఎప్పుడు? ఈదుతున్నప్పుడు కాదు; దిమ్మెపైనుంచి దుమికి నీటిని తాకిన క్షణంలో. మేటి ఈతగాళ్లలో ఆ వేగం ఈత వేగానికి రెండింతలు దాటుతుంది. ఆ వేగాన్ని సంపాదించడమెలా? సంపాదించినదాన్ని నీటిలో పోగొట్టుకోకుండా నిలుపుకోవడమెలా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకడమే తొలి దుముకు చరిత్ర.

1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో ఈతకొలను లేదు. పందేలు సముద్రంలోనే జరిగినవి. 1200 మీటర్ల పందెంలో పోటీదారులను పడవలపై తీసుకొనిపోయి విడిచిపెట్టగా, వారు ఒడ్డుకు ఈదుకొని వచ్చారు. ఆ పందెమూ, 100 మీటర్ల పందెమూ హంగేరీ యువకుడు ఆల్ఫ్రెడ్ హాయోష్ గెలిచాడు.

పడవమీదినుంచి దుమికేవానికి ఒక చిక్కున్నది. అతడు ముందుకు పోతుంటే పడవ వెనుకకు జరుగుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం చర్యకు సమానమైన ప్రతిచర్య ఉండవలసిందే. కాని ఆధారం కదిలిపోతే తన్నిన బలంలో కొంత శ్రమ వృథా అవుతుంది. కనుక కదలని ఆధారం కావాలి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆరంభపు దిమ్మెలు వాడుకలోనికి వచ్చినవి.

ఆ దిమ్మెపై నిలిచినవారు చాలాకాలం చేతులను పెద్ద చుట్టుగా తిప్పి దుమికేవారు. ఆ విసురు దేహానికి ఊపునిచ్చే మాట నిజమే. కాని చుట్టు పూర్తయ్యేవరకు పాదాలు దిమ్మెను విడిచేవి కావు. 1967లో అమెరికన్ శిక్షకుడు ఎరిక్ హానవర్ మరొక పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చాడు. ఈతగాడు దిమ్మె అంచును చేతులతో పట్టుకొని, సంకేతం వినగానే పైకి లాగుతాడు. దిమ్మె అతని దేహాన్ని క్రిందికి, ముందుకు లాగుతుంది. విసురు తగ్గినా, కదలిక వెంటనే మొదలవుతుంది.

తరువాత కొందరు పరుగుపందెగానివలె ఒక పాదాన్ని వెనుకకు ఉంచసాగారు. కాని చదునైన దిమ్మెపై వెనుక పాదానికి సరైన ఊతం దొరకదు. అందుచేత దిమ్మె వెనుకభాగాన 30 డిగ్రీల వాలుగల పలక అమర్చారు. వాలును తన్నితే ప్రతిచర్య మనిషిని ముందుకు నెడుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇటువంటి దిమ్మెలు వాడారు.

ఇక రెండవ ప్రశ్న. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి నేర్పరి చేతులు, తల, నడుము, కాళ్లు ఒకే కన్నంలోనికి దారం ఎక్కించినట్లు నీటిలో ప్రవేశిస్తాడు. ఉపరితలాన ఈదితే అలలు పుట్టించడంలో కొంత శక్తి ఖర్చవుతుంది. తగినంత లోతున ఆ నష్టం తగ్గుతుంది.

ఈ కిటుకు గ్రహించిన అమెరికన్ ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వెల్లకిల ఈతలో మొదటి 50 మీటర్లలో సగానికి పైగా నీటి అడుగునే సాగాడు. 100 మీటర్ల ప్రాథమిక పోటీలో 54.51 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. తుదిపోటీలో మాత్రం, తానుకూడా నీటి అడుగున చాలాదూరం సాగిన జపానీయుడు దైచీ సుజుకీ 55.05 సెకన్లలో గెలిచాడు. బెర్కాఫ్ 0.13 సెకను వెనుకబడ్డాడు.

ఇది ఈతపందెమా, మునకపందెమా అన్న ప్రశ్న పుట్టినది. అంతర్జాతీయ ఈత సమాఖ్య వెల్లకిల ఈతలో నీటి అడుగు ప్రయాణాన్ని మొదట 10 మీటర్లకు, తరువాత 15 మీటర్లకు పరిమితం చేసినది. 1998లో ఫ్రీస్టైల్, బటర్‌ఫ్లై ఈతలకుకూడా 15 మీటర్ల హద్దు వచ్చినది.

1896లో హాయోష్ 100 మీటర్లు ఈదడానికి 1 నిమిషం 22.2 సెకన్లు పట్టినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా యువకుడు పాన్ జాన్‌లె అదే దూరాన్ని 46.40 సెకన్లలో ముగించాడు. ఈ పురోగతిలో శిక్షణకు, కొలనుల నిర్మాణానికి పెద్ద వాటా ఉన్నది. తొలి దుముకు వాటా చిన్నదే. కాని గెలుపోటములు సెకనులో శతాంశాలతో తేలేచోట ఆ చిన్న వాటాయే ఒక్కొక్కప్పుడు పతకాన్ని నిర్ణయిస్తుంది.